కంప్యూటరు చిత్రములు: కొండలకు దూరము చూపుట

కంప్యూటరుపై ప్రకృతిదృశ్యములను కల్పించు విద్య యింటనుండియే నేర్వదగినది. బ్లెండరను ఉపకరణము వెల లేకయే లభించుచున్నది. అయినను ఎన్నో దినములు శ్రమించి నిర్మించిన పర్వతము పలుమారు బొమ్మలకొలువులోని మట్టికొండవలె కనబడును. చెట్లను, రాళ్లను ఎన్ని చేర్చినను ఆ లోపము తీరదు. ఏలయన, అందు లోపించినది గాలి.

దూరపు కొండకును మన కంటికిని నడుమ గాలి నీలికాంతిని హెచ్చుగా చెదరగొట్టును. అందుచేతనే పచ్చని కొండయు దూరమునుండి నీలముగా, పాలిపోయినట్లు తోచును. దాని నీడలును నల్లగా నుండవు. కావున మొదట దృశ్యమంతటను పలుచని మంచుతెర కల్పింపుడు. బ్లెండరులో దీనికి 'వాల్యూమ్ స్కాటర్' అని పేరు. దాని సాంద్రత మిక్కిలి స్వల్పముగా నుండవలెను.

పిమ్మట సూర్యుని దిగువకు దింపుడు. ఏటవాలు వెలుగులో మిట్టపల్లములు తేటపడును. ఆకాశమున సూర్యబింబము వెడల్పు సుమారు అర డిగ్రీ. ఆ కొలతయే యుంచినచో నీడల యంచులు సహజముగా మెత్తబడును. కెమేరాను మనిషి కంటియెత్తున, సుమారు 5 అడుగులకు నిలుపుడు.

కొండల రూపమునకు 1983లో కెన్ పెర్లిన్ కనిపెట్టిన 'నాయిస్' గణితము తోడ్పడును. అదియొక్కటే చాలదు; వాననీరు కోసిన వాగుల జాడలును చేర్పవలెను.

చిత్రమును ఇతరులకు పంపునపుడు కల్పితమని వ్రాయుట మరువకుడు. లేనిపోని లోయకు ఎవరైన ప్రయాణము కట్టుదురు సుమా!

రేపు వేకువను మేడ యెక్కి, దూరపు చెట్లలో ఏ వరుస యెంత పాలిపోయినదో చూడుడు. మీటలు నొక్కుట ఆ తరువాత.