ఫోన్లో అడిగింది గట్టు మీద తేల్చుకోవాలి

మిరప తోటలో ఆకు ముడుచుకుంది. రైతు దాన్ని ఫోన్లో ఫొటో తీసి సేంద్రియ రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "అన్నా, ఇదేం తెగులు? ఏం కొట్టాలె?" అని అడిగాడు. గంట తిరక్కుండా పదకొండు జవాబులు వచ్చాయి. ఒకరు వేప నూనె అన్నారు. ఒకరు పుల్లటి మజ్జిగ అన్నారు. మరొకరు అగ్నిఅస్త్రం రెట్టింపు కొట్టమన్నారు. ఒకాయన ఎక్కడిదో వీడియో పంపి ఊరుకున్నాడు. ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మిరప వేసే వాళ్లకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుసు. ఆకు అంచులు పైకి ముడిస్తే పైముడత. అది తామర పురుగు పని. కిందికి ముడిచి తిరగేసిన పడవలా కనిపిస్తే కింది ముడత. అది నల్లి. ఆకులు చిన్నవై ముడిచి, మొక్క గిడసబారితే వైరస్ అని అనుమానించాలి. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. మూడింటికీ మందు ఒకటి కాదు. సేంద్రియంలో పరిమితంగా వాడుకోనిచ్చే గంధకం నల్లికి పనికొస్తుంది గానీ తామర పురుగును ఆపలేదు. వైరస్ పట్టిన మొక్కకు ఏ కషాయం పోసినా తేరుకోదు. మొదట్లోనే పీకి దూరంగా పారెయ్యాలి.

ఆ రైతుకు ఉన్నది ఎకరంన్నర, అదీ కౌలు. ఏ మాట నమ్మాలో తెలియక మూడు కషాయాలు కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాడు. ఆకు మాడింది, పూత రాలింది. ఆ సంగతి గ్రూపులో చెబితే "మీరు సరిగా కలపలేదేమో" అని ఒకే ఒక్క మాట వచ్చింది. ఆ తర్వాత ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టారు. ఈయన బాధ కిందికి పోయింది. ఆయన గ్రూపులోంచి బయటికొచ్చాడు. వచ్చే ఏడు దుకాణం మందే కొడతానంటున్నాడు. పేరు రాయొద్దన్నాడు గనుక రాయడం లేదు.

ఇది చదివి గ్రూపులే దండగ అనుకోవద్దు. నేను చెప్పేది అది కాదు. రసాయన సాగు చేసేవాడికి సలహా దొరకని రోజు లేదు. దుకాణం వాడు సీసా చేతిలో పెట్టి, ఖాతా కూడా రాసుకుంటాడు. ఆ సలహా మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. అడగడానికి ఒక మనిషైతే ఉన్నాడు. సేంద్రియంలోకి దిగినవాడికి ఆ మనిషి లేడు. పక్క చేను వాడు నవ్వుతాడు. ఇంట్లో వాళ్లు "నలుగురితో పాటు చెయ్యరాదా" అంటారు. మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గే అవకాశం ఉంది. ఆ రెండు మూడేళ్లు నిలబడటమే కష్టం. అలాంటప్పుడు ఎక్కడో అవతలి మండలంలోని రైతు "నాకూ మొదటేడు ఇట్లనే అయింది, భయపడకు" అని రాత్రి తొమ్మిదింటికి ఒక మాట పంపితే, ఆ మాట మనిషిని మర్నాడు చేనుకు నడిపిస్తుంది. అందుకే గ్రూపు ఉండాలి. కానీ ఫోన్లో మొదలైన మాట ఫోన్లోనే ఆగిపోతే చిన్న రైతు మునిగిపోతాడు.

2021-22 లో మిరపను నల్ల తామర పురుగు ముంచిన సంగతి మన రైతులు మర్చిపోలేదు. మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట కనిపించిన ఈ పురుగు, ఆ ఏడు రెండు తెలుగు రాష్ట్రాల మిరప పూతలో చేరి కూర్చుంది. ఖరీదైన మందులు కొట్టినవాళ్లూ తోటలు పీకేశారు. అప్పుడు ఫోన్లలో పూటకో మందు తిరిగింది. నీలి రంగు జిగురు అట్టలు ముందే పెట్టుకోవాలన్న మంచి మాటా తిరిగింది, పనికిరాని మాటలూ తిరిగాయి. ఏది ఎవరి చేలో చూసి చెప్పిన మాటో, ఏది ఊరికే పంపిన మాటో తేల్చుకునే దారి రైతుకు లేకపోయింది.

ఇట్లాంటి ఫోన్లు లేని రోజుల్లో మన దగ్గరే రైతులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న పునుకుల సంగతి చూడండి. పత్తికి మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన ఊరది. స్వచ్ఛంద సంస్థలు దారి చూపించాయి. ముందు కొద్దిమందే వేప కషాయాలతో, లింగాకర్షక బుట్టలతో సాగు చేశారు. మిగతావాళ్లు ఆ చేలను కళ్లారా చూశారు. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. 2004 నాటికి పురుగు మందు వాడని ఊరుగా నిలిచింది. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి చిన్న ఊరు. అక్కడ ఊరు మొత్తం సేంద్రియానికి మారింది. 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగు మందు లేని సాగును పెద్ద ఎత్తున చేపట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సాగులోనూ, స్వయంగా చేసి చూసిన రైతులే తోటి రైతులకు నేర్పుతున్నారు.

వీటన్నిటిలో ఉన్నది ఒకటే పద్ధతి. చెప్పేవాడి చేను వినేవాడికి తెలుసు. బాగా పండినప్పుడూ చూశాడు, దెబ్బతిన్నప్పుడూ చూశాడు. ఫోన్లో మనకు కనిపించేది నిండుగా కాసిన చెట్టు ఫొటో ఒక్కటే. ఎండిపోయిన మడి ఫొటో ఎవరూ పెట్టరు. పెట్టినవాడికి ఏం జరుగుతుందో పైన చెప్పాను.

ఇందుకు కొత్త సంఘాలేమీ పెట్టనక్కర్లేదు. సేంద్రియ పంటకు ధ్రువపత్రం కావాలంటే పీజీఎస్ ఇండియా అనే పద్ధతి ఉంది. చుట్టుపక్కల రైతులు కనీసం 5 మంది ఒక గుంపుగా చేరి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకోవాలి. అంటే చేనుకు పోయి చూడటం అందులో ఎలాగూ ఉన్న పనే. చాలాచోట్ల అది సంతకం కోసం గట్టు మీద నిలబడి చూసి వచ్చే పనిగా మారింది. ఆ తిరుగుడునే పాఠంగా మార్చుకోవాలి. నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న అయిదారుగురు, పంట కాలంలో పదిహేను రోజులకోసారి, ఒక్కో విడత ఒక్కొక్కరి చేలో పొద్దున్నే రెండు గంటలు తిరిగితే చాలు. వానొస్తే కూర్చోవడానికి రైతు వేదిక ఉంది.

ఫోన్ గ్రూపుకు కూడా నాలుగు కట్టుబాట్లు కావాలి. అడిగేవాడు ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. ఏ రకం, నాటి ఎన్నాళ్లయింది, ఏ నేల, తడి ఎప్పుడిచ్చాడు, అంతకుముందు ఏం కొట్టాడు అన్నీ చెప్పాలి. ఆకు పైభాగం, అడుగుభాగం రెండూ ఫొటో తియ్యాలి. జవాబిచ్చేవాడు తన చేలో చేసి చూశాడా, విని చెబుతున్నాడా అన్నది ముందు చెప్పాలి. కొలతలు సొంతంగా రాయాలి. అయిదు శాతం వేప గింజల కషాయమంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి. చేతులు మారి మారి ఆ 5 కాస్తా 15 అయిన సందేశం నేనే చూశాను. ఏ కొత్త కషాయమైనా ముందు ఒక సాలుకు చల్లపూట కొట్టి రెండు మూడు రోజులు చూడాలి, ఆ తర్వాతే తోటంతా. పది రోజుల తర్వాత ఫలితం మంచైనా చెడైనా అదే గ్రూపులో చెప్పి తీరాలి. చెడిందని చెప్పినవాణ్ణి తప్పు పట్టకూడదు. సరుకు అమ్ముకునే వాళ్లను సలహా గ్రూపులో ఉంచకూడదు.

ఇంకో మాట. ఫోన్ మగవాడి జేబులో ఉంటుంది. జీవామృతం డ్రమ్మును రెండు పూటలా కలిపేది, కలుపు తీస్తూ ఆకు అడుగున పురుగును ముందు చూసేది ఇంటావిడ. ఆమె చూసింది గ్రూపులోకి రావడం లేదు. రాయడం రాకపోతే నోటితో చెప్పి పంపే వీలుంది. ఆ అయిదారుగురి తిరుగుడులో ఆడవాళ్లూ ఉంటే సగం తెగుళ్లు వారం ముందే తెలుస్తాయి.

"ఇంత తీరిక ఎవరికుందయ్యా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. నిజమే, కూలీలు దొరకని రోజులు. కానీ రాత్రిపూట గంటసేపు ఫోన్లో వేళ్లు ఆడిస్తున్నాం. పక్షానికి రెండు గంటలు తోటివాడి చేనుకు పోవడం అంతకన్నా బరువేమీ కాదు. ఆ తిరుగుడులోనూ తేలని తెగులైతే వ్యవసాయ విస్తరణాధికారిని చేనుకు పిలవండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కు ఉచితంగా ఫోన్ చెయ్యండి.

పైన చెప్పిన కౌలు రైతు చేనుకు నాలుగు కిలోమీటర్ల లోపే అదే గ్రూపులోని రైతులు ఇద్దరున్నారు. వాళ్లలో ఒక్కరు బండేసుకొని వచ్చి ఆకు తిప్పి చూసి ఉంటే ఆ పూత దక్కేది. ఈ వానకాలం మీ గ్రూపులో ఎవరైనా ఆకు ఫొటో పెడితే, జవాబు కొట్టే ముందు ఆ చేను ఎంత దూరమో అడగండి. దగ్గరైతే పోయి చూసి చెప్పండి.