ఆట మాటిమాటికి మూతపడుచున్నదా?



ఈ శీర్షికక్రింద నింతవరకు మిక్సీలను గూర్చియు, ఇన్వర్టరులను గూర్చియు, నీటిని శుద్ధిచేయు యంత్రములను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసము పిల్లల ఆటనుగూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వవచ్చును. నవ్వినను సరియే, ముందుగా ఈ జాబు నాలకింపుడు.

మహబూబ్‌నగరమునుండి యొక సోదరి యిట్లు వ్రాసిరి: “అక్కయ్యగారూ, మా పిల్లవానికి పదుమూడేండ్లు. కంప్యూటరులో మైన్‌క్రాఫ్టను ఆట యాడును. నెల దినములనుండి ఆ ఆట నడుమనే ఏ మాటయు చెప్పక మూతపడి, తెరమీద ఉత్త డెస్క్‌టాపు నిలుచుచున్నది. దుకాణమునకు పంపగా ఫార్మాటు చేయవలెననిరి. ఆటలవలననే యంత్రము చెడినదని మావారు పిల్లవానిని కొట్టినంత పనిచేసిరి. రానున్న సోమవారము ఫార్మాటు చేయించుటయు, వాడు మరల ఆట ముట్టకుండుటయు నిశ్చయమైనవి. కాని ఆ ఆటలో మా యత్తగారి యిల్లు కలదు. ఏమి చేయుదును?”

కడపటి మాట నాకర్థము కాలేదు. అదృష్టవశమున ఆ వారమే నా పనిమీద పాలమూరు పోవలసియుండెను. నల్లగొండలో బస్సెక్కి మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా శనివారము మధ్యాహ్నమునకు వారి యిల్లు చేరితిని.

వారి యత్తగారిది కొల్లాపురము వైపున కృష్ణయొడ్డునగల పల్లె. శ్రీశైలము ఆనకట్ట కట్టినపిమ్మట 1981 ప్రాంతమున పాలమూరు, కర్నూలు జిల్లాలలోని అనేక గ్రామములతోపాటు అదియు నీట మునిగినది. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయము బయటపడుట మీలో కొందఱు చూచియే యుందురు. మట్టి మిద్దెలకు అట్టి భాగ్యము లేదు. ఆ యింటికి ఛాయాపటమైనను లేదు. మనుమడు రాత్రివేళ నాయనమ్మచెంత కూర్చుండి, దర్వాజ యేవైపున నుండెను, అర్రలెన్ని, దూలములెన్ని యని యడిగి యడిగి, రెండేండ్లు శ్రమపడి ఆటలో నా యిల్లు కట్టినాడు. ఫార్మాటు చేసినచో ఆ యిల్లు రెండవమారు మునిగిపోవును.

ఈ యాటనెఱుగని వారికి రెండు మాటలు. స్వీడను దేశస్థుడగు మార్కస్ పెర్సన్ 2009లో దీనిని మొదలిడెను; సంపూర్ణమైన కూర్పు 2011లో వెలువడెను; 2014లో మైక్రోసాఫ్టువారు దానిని నడుపు మోజాంగు సంస్థను కొనిరి. మట్టి, రాయి, కలప మున్నగు దిమ్మెలను పేర్చి ఏది కావలసిన నది కట్టుకొనుటయే ఆట. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆవాస సంస్థ 2012నుండి మోజాంగువారితో కలిసి, పేదల పేటలలోని జనులచేతనే తమ వీధులను, తోటలను ఈ యాటలో దిద్దించి, పిమ్మట నిజముగా కట్టించుచున్నది. కావున దీనిని వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చరాదు.

ఇక పని. మొదట నేను ఆటను తెరువనీయలేదు. ఫార్మాటనగా నేమో మనలో చాలమందికి తెలియదు. దుకాణదారు “శుభ్రము చేసెదము” అనును, మనము తలయూపుదుము. ఇల్లు శుభ్రము చేయుమనగా సామానంతయు బావిలో పారవైచి, గోడలకు సున్నము కొట్టియిచ్చుటవంటిదది. అందుచేత మొదటి పని పిల్లవాడు కట్టినదానికి నకలు తీయుట. కీబోర్డుమీద విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అక్షరపు మీటను కలిపి నొక్కినచో చిన్న పెట్టె తెరచుకొనును. అందు పర్సెంటు గుర్తు, యాప్‌డేటా యను మాట, మరల పర్సెంటు గుర్తు, ఎడము లేకుండ కొట్టి ఎంటరు నొక్కవలెను. అచ్చట పేరునకు ముందు చుక్కగల మైన్‌క్రాఫ్టు ఫోల్డరుండును. దానిలో సేవ్స్ అను ఫోల్డరు. పిల్లలు కట్టిన లోకములన్నియు అందే యుండును. దానిని పెన్‌డ్రైవులోనికి దింపి, ఆ పెన్‌డ్రైవును ఇనుప బీరువాలో పెట్టించితిని. (ఇది జావా కూర్పునకు చెందిన మాట. ఫోనులలో నాడు బెడ్‌రాకు కూర్పు తన లోకములను వేఱుచోట దాచుకొనును.)

అది యైనపిమ్మట ఆ సోదరి మొగము కొంత తేటపడినది. ఆట మూతపడుట యనగా నేమో అప్పుడు చెప్పితిని. ఉమ్మడి కుటుంబములో ఒక్కొక్క కోడలికి ఒక్కొక్క అర్ర యిచ్చినట్లు, విండోసు ఒక్కొక్క ప్రోగ్రామునకు కొంత జ్ఞాపకస్థలము కేటాయించును. ఒకతె పొరపాటున తనది కాని యర్రలో కాలిడినచో, అత్తగారు ఆమెను వాకిట నిలుపుదురు. తక్కిన సంసారము యథాప్రకారము సాగును. (అత్తగారలు నన్ను క్షమింతురు గాక.) ప్రోగ్రాము తనంతట దిక్కుతోచక నిలిచిపోవుటయు కలదు. ఏదియైనను, ఆట పోయి డెస్క్‌టాపు మిగిలినదనగా ఇల్లు నిలిచియున్నదనియే యర్థము. ఆటవలన యంత్రము చెడినదనుటకు అది సాక్ష్యము కాదు.

యంత్రమంతయు ఒక్కసారిగా ఆరిపోవుట వేఱు వ్యాధి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాలలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములలో ల్యాప్‌టాపును దూదిపరుపుమీద పెట్టి ఆడినచో, గాలిపోవు రంధ్రములు మూసికొని, కాగిపోయి, తన్ను తాను కాపాడుకొనుటకు అది యారిపోవును. దుమ్ము దులిపించి, చెక్కబల్లమీద పెట్టవలెను. కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజరో యూపీఎస్సో కావలెను. ఈ యింట నది కారణము కాదు.

పిల్లవానిని చేరదీసి మూడు ప్రశ్నలడిగితిని: ఎప్పుడు మూతపడును? ఎచ్చట మూతపడును? దానికి ముందు ఏమి మారినది? మొదటి రెంటికి చక్కగా బదులుచెప్పెను. తెరచిన వెంటనే కాదు. పొలాల వైపున నెంతసేపు తిరిగినను ఏమియు కాదు. ఇంటి ముంగిలికి చేరువగునప్పుడే. మూడవదానికి “ఏమియు మారలేదు” అని తల వంచుకొనెను. తండ్రి బజారునకు పోయినపిమ్మట మెల్లగా చెప్పినాడు: దసరా సెలవులలో మేనత్త కొడుకు వచ్చి, కుండలు, గరిసెలు, పాతకాలపు దర్వాజలు పెట్టుకొనుటకు వీలుగా మూడు మోడులు చేర్చిపోయినాడట. మోడనగా ఆటకు ఇతరులు చేసిన అదనపు కూర్పు. చెప్పినచో దెబ్బలు తప్పవని నెల దినములు దాచినాడు. ఆ దాచినదే మనకు కావలసిన మాట. దుకాణదారునకు సైతము ఎవ్వరును చెప్పలేదు గనుకనే అతడు ఫార్మాటనెను.

ఆ తరువాత ఆట తానే వ్రాసిపెట్టిన కాగితములు చూచితిమి. మైన్‌క్రాఫ్టు మూతపడినపుడెల్ల సామాన్యముగా ఒక నివేదిక వ్రాసి, క్రాష్-రిపోర్ట్స్ అను ఫోల్డరులో తేదీతోను గంటతోను ఉంచును. నోట్‌ప్యాడులో తెరచి చదువవచ్చును. శీర్షికక్రింద మొదట నొక హాస్యపు మాట యుండును. పాపము, క్షమాపణ వేడుకొనునట్లు. పిమ్మట కాలము, కారణము, చేర్చిన మోడుల పట్టిక. చాలభాగము మనకర్థము కాదు, కానక్కరయు లేదు. పదునేడు నివేదికలలోను కారణమొక్కటే: “టికింగ్ బ్లాక్ ఎంటిటీ.” అనగా, ఊరక పడియుండక లోపల పనిచేయుచుండు ఒకానొక దిమ్మెయొద్ద తొట్రుపాటు. క్రింద నా దిమ్మె యున్న తావు మూడంకెలలో వ్రాసియున్నది. పదునేడింటను అవే మూడంకెలు!

పిల్లవాడు పరుగున పోయి తన నోటుపుస్తకము తెచ్చెను. అందు ఇంటిలోని యొక్కొక్క వస్తువు తావును అంకెలలో వ్రాసికొన్నాడు. ఆ మూడంకెల యెదుట నున్నది: “నాయనమ్మ నీళ్ల కుండలు.”

కుండల మోడు ఆటయొక్క పాత కూర్పునకు చేసినది; దసరా తరువాత ఆట క్రొత్త కూర్పునకు మారినది. రెంటికి పొత్తు కుదురలేదు. మోడు తీసివేసిన సరిపోవునని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొని, ముందుజాగ్రత్తగా లోకమునకు మఱియొక నకలు తీసి, దానిపై చేసి చూచితిమి. ఆట మూతపడలేదు, కాని కుండలున్నచోట వట్టి గాలి! మోడు లేనిదే దానికి సంబంధించిన దిమ్మెలను ఆట గుర్తింపదు, తెరచినంతనే తుడిచివైచును. పిల్లవాని కన్నుల నీళ్లు తిరిగినవి. నకలే గదా యని యూరడించి దానిని పారవైచితిమి. అసలు లోకముమీద నట్లు చేసియున్నచో ఏమని యూరడింతును?

అదే మోడునకు క్రొత్త కూర్పు దానిని చేసినవారి పుటలోనే దొరకినది. ఇందొక హెచ్చరిక. మోడులను కనబడినచోటెల్ల దింపరాదు. 2023 జూనులో ఫ్రాక్చరైజర్ అను దొంగ ప్రోగ్రాము పేరుపొందిన మోడుల భాండాగారములలోనే జొరబడి, రహస్యపదములను దొంగిలించినది. ఆ యంత్రముమీదనే మీరు బ్యాంకు పనులును చేసికొందురేమో చూచుకొనుడు. క్రొత్త మోడును మరల నొక నకలుపై పెట్టి తెరచితిమి. కుండలున్నవి, పిల్లవాడు ముంగిలి దాటి, దర్వాజ దాటి, లోనికి పోయినాడు.

గంటన్నర గడచినపిమ్మట ఆట మరల మూతపడెను! ఆ సోదరి నిట్టూర్చిరి. నాకు మాత్రము సంతోషమే కలిగినది. ఏలయన ఈమారు నివేదికలోని మాట వేఱు. జ్ఞాపకస్థలము చాలలేదని యున్నది. ఆ ఆటకు కేటాయించినది 2 గిగాబైట్లు. ఆ యంత్రమున మొత్తము 8. ఆటను తెరచు లాంచరులో ఆ యంకెను 4 చేసితిమి. ఎనిమిదియు దానికే యీయరాదు. విండోసునకును తావు మిగులవలెను. కుండలు, జ్ఞాపకస్థలము రెండును ఒకేసారి మార్చియున్నచో, ఏది యే జబ్బునకు మందో తెలిసెడిది కాదు. నా వంట గురువగు మా పెద్దమ్మ పులుసు చెడినపుడు ఉప్పు, బెల్లము కలిపి వేయనిచ్చెడిది కాదు. ఒకటి వేసి, రుచి చూచి, పిమ్మట రెండవది.

మీ పిల్లలాడునది వేఱొక ఆటయైనచో ఇట్టి నివేదిక లేకపోవచ్చును. అప్పుడు విండోసులోనే వెదకు పెట్టెలో రిలయబిలిటీ అని కొట్టినచో, దినదినమునకు గడులు గీచిన పట్టిక వచ్చును. ఏదేని మూతపడిన నాడు ఎఱ్ఱని గుర్తుండును. దానిపై నొక్కిన, తప్పినది ఏ భాగమో పేరు చూపును. ఆ పేరు తెరబొమ్మలను నడుపు గ్రాఫిక్సు డ్రైవరుదైనచో, దానిని యంత్రము చేసినవారి పుటనుండి క్రొత్తగా దింపవలెను. క్రొత్తదానితోనే చెడినచో పాతదానికి మరలవలెను. స్టీముద్వారా కొన్న ఆటలకు దస్త్రములు సరిగానున్నవో లేవో పరీక్షించు మీట యొకటి కలదు. అరగంట పని, ఖర్చు లేదు.

అయినను యంత్రము చెప్పునదెల్ల వేదవాక్యము కాదు. 2024లో నేమైనదనగా, ఇంటెల్ సంస్థయొక్క పదుమూడవ, పదునాలుగవ తరముల డెస్క్‌టాపు ప్రాసెసరులలో కొన్నింట ఆటలు మూతపడుచు, తెరబొమ్మలకు జ్ఞాపకస్థలము చాలలేదని చెప్పుచుండెను. జనులు నెలలతరబడి గ్రాఫిక్సు కార్డులను, డ్రైవరులను నిందించిరి. తుదకు ఆ సంవత్సరము జూలైలో, ప్రాసెసరునకు మితిమీరిన వోల్టేజి పోవుటయే మూలమని సంస్థయే యొప్పుకొని, పిమ్మట సవరణ వెలువరించి, వారంటీని రెండేండ్లు పొడిగించెను. అట్టి యంత్రము మీ యింట నున్నచో బిల్లు భద్రపఱచుకొనుడు.

ఆదివారము సాయంకాలమునకు ఆట మూడుగంటలు నిలిచినది. సోమవారపు ఫార్మాటు సంగతి ఎవ్వరును ఎత్తలేదు. మనుమడు నాయనమ్మను తెరముందు కూర్చుండబెట్టి, ఇల్లంతయు త్రిప్పి చూపుచుండెను. ఆమె కండ్లద్దాలు సవరించుకొని చాలసేపు చూచి యనిరి: “గరిసె ఎడమ దిక్కు కాదు బిడ్డా, కుడి దిక్కు. దాని వెనుకనే నీ నాయన దాగుకొనెడివాడు.”

తండ్రి గుమ్మమున నిలిచియుండెను. “గరిసె వెనుక కాదమ్మా, కొట్టములో,” అనుచు కుర్చీ యీడ్చుకొని వచ్చి వారి ప్రక్కన కూర్చుండెను. “కొట్టమేది రా? అది కట్టలేదా?”