ఆకు తిన్న సంగతి మా దగ్గర దాచకండి



మన మణికొండలో ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసినా, ఏ బాల్కనీ కుండీలో చూసినా బిళ్ల గన్నేరు కనిపిస్తుంది. తెల్ల పూలదో, గులాబీ రంగు పూలదో ఒకటి ఉంటుంది. నీళ్లు పోయకపోయినా రాళ్ల సందున బతికే మొక్క. ఈ మొక్కను గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కొంతకాలం క్రితం ఒక పెద్దావిడ కాలి పుండుతో మా వార్డులో చేరింది. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లిని పాలమూరు వైపు నుండి తన ఫ్లాట్‌కు తెచ్చుకున్నాడు. ఆవిడకు పన్నెండేళ్లుగా షుగర్. రోజూ మాత్రలు వేసుకుంటున్నానని చెప్పింది. కాని పరీక్షలో షుగర్ మూడు వందలు దాటి ఉంది, పుండు మానడం లేదు. నాలుగో రోజు పక్క దులుపుతుంటే దిండు కింద ఒక పొట్లం దొరికింది. ఎండబెట్టి దంచిన బిళ్ల గన్నేరు ఆకు పొడి. రెండు నెలలుగా మాత్రలు మానేసి, పరగడుపున అదే తాగుతోందట. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "చెప్తే తిడ్తరని చెప్పలే సిస్టరమ్మా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. ఈ ముప్పై ఏళ్లలో పసరు మందు పేరెత్తిన ఎంతమందిని నేనే కసిరి ఉంటానో లెక్క లేదు.

నిజానికి ఆవిడ నమ్మకం ఆవిడ ఒక్కదానిది కాదు. సముద్రాల అవతల జమైకాలో కూడా ఇదే ఆకుతో షుగర్‌కు కషాయం కాచుకునేవారు. 1950లలో ఆ ఆకులు కెనడాలోని డాక్టర్ రాబర్ట్ నోబుల్ దగ్గరకు చేరాయి. ఆయన ఎలుకలకు ఇచ్చి చూస్తే షుగర్ తగ్గలేదు. కాని రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. షుగర్ మందు కోసం వెతికిన చోట ఇంకొకటి దొరికిందని ఆయన గ్రహించారు. తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే కదా రక్త క్యాన్సర్! ఆయనా, రసాయన శాస్త్రవేత్త ఛార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి ఆ ఆకు నుండి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ తరువాత అదే మొక్కలో విన్‌క్రిస్టిన్ దొరికింది. నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందు. మన గుంటూరు బిడ్డ డాక్టర్ ఎ.వి. రామారావు పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఈ మందులను మన దేశంలోనే తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతులపై కృషి చేశారు. తరువాత ఆయన మన తార్నాకలోని ఐఐసిటికి డైరెక్టరుగా పనిచేశారు.

కాబట్టి "ఆకులో ఏముంది, గడ్డి" అనే మా వాళ్ల మాట తప్పు. ఆకులో చాలా ఉంది. బిళ్ల గన్నేరు ఒక్కదానిలోనే వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. పురుగు, పుట్ర తినేయకుండా మొక్క తనను తాను కాపాడుకోవడానికి ఇలాంటి పదార్థాలను తయారుచేసుకుంటుంది. ఆ చేదు అందుకే.

అయితే "ఆకే కదా, హాని ఏముంది" అనే మాట కూడా అంతే తప్పు. విన్‌క్రిస్టిన్ కణం రెండుగా విడిపోకుండా ఆపుతుంది. ఒక్కో విడతకు పెద్దవారికి కూడా సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. దానిని రక్తనాళంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది. ఇద్దరు చూసి సరిపోల్చుకున్నాకే చెయ్యి వేస్తాము. కొద్దిపాటి మందు కోసం టన్నుల కొద్దీ ఎండుటాకు కావాలి. ఆకును శుద్ధిచేసి, తూచి, కొలిచి ఇచ్చినప్పుడే అది మందు. మన దోసిట్లోని ఆకులో ఏ పదార్థం ఎంత ఉందో వంటింట్లో కొలిచే సాధనం లేదు. ఒక మొక్కకూ మరో మొక్కకూ, లేత ఆకుకూ ముదురు ఆకుకూ తేడా ఉంటుంది.

ఇంకో ప్రమాదం పేరులోనే ఉంది. బిళ్ల గన్నేరు వేరు, గన్నేరు వేరు, పచ్చ గన్నేరు వేరు. గన్నేరు, పచ్చ గన్నేరులలో గుండె లయను దెబ్బతీసే విషం ఉంటుంది. గన్నేరు పప్పు సంగతి మన ఊళ్లలో ఎవరికి తెలియదు? "గన్నేరు ఆకు మంచిదట" అని ఫోనులో వచ్చిన కబురు విని ఎవరైనా ఆ ఆకు కోస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ పెద్దావిడకు నేను చెప్పిన సంగతి మీకూ చెబుతాను. ఆవిడ పక్కన పెట్టిన మెట్‌ఫార్మిన్ మాత్రకు కూడా మూలం ఒక మొక్కే. యూరప్‌లో గలీగా అనే మొక్క ఉంది. అందులోని గలిజిన్ అనే పదార్థం షుగర్‌ను తగ్గిస్తుంది గాని విషం కూడా. దానికి దగ్గరి పోలికతో, దాని కంటే ఎంతో సురక్షితంగా ప్రయోగశాలలో తయారైనది మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో డాక్టర్ జాన్ స్టెర్న్ దానిని షుగర్ రోగులపై వాడిన ఫలితాలను ప్రకటించారు. "అంటే ఇది కూడా ఆకు మందేనా?" అని ఆవిడ నవ్వింది. ఆ రాత్రి నుండి మాత్ర వేసుకుంది. అయినా అప్పటికే ఆలస్యమైంది, రెండు కాలివేళ్లు తీసేయవలసి వచ్చింది. మొదటి రోజే మేము మెత్తగా అడిగి ఉంటే ఆ నాలుగు రోజులైనా మిగిలేవి.

అందుకే నా అభిప్రాయం ఇది. ఆసుపత్రిలో చేరే ప్రతి రోగినీ "ఏ మాత్రలు వాడుతున్నారు?" అని అడిగినట్టే "ఇంట్లో ఏ ఆకు, ఏ పొడి, ఏ కషాయం తీసుకుంటున్నారు?" అని కూడా అడగాలి. అడిగి, రాసుకోవాలి. తిట్టకూడదు. మా వార్డులో సిస్టర్లందరికీ ఈ సంగతి చెప్పాను.

మీకు నా మనవి కూడా ఉంది. ఆకు మందు మొదలుపెట్టి డాక్టర్ రాసిన మాత్రను మీ అంతట మీరు మానకండి. కాకర రసం, మెంతి పొడి కూడా షుగర్ మాత్రలతో కలిసినప్పుడు కొందరికి షుగర్ మరీ పడిపోవచ్చు. ఆపరేషన్ ఉంటే వెల్లుల్లి గుళికలతో సహా అన్నీ ముందే చెప్పండి. గర్భిణీలకు, పసిపిల్లలకు అడగకుండా ఏ పసరూ పట్టకండి. వచ్చేటప్పుడు ఆ పొట్లాన్ని మాత్రల చీటీతో పాటు సంచిలో వేసుకుని రండి.

దిండు కింద మాత్రం దాచకండి. మేము తిట్టము.