సి.ఆర్.పి. పెరిగితే ప్రాణాపాయమేనా?

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్ళు. న్యుమోనియా అని ఆసుపత్రిలో చేర్చాం. చేర్చిన రోజు రక్తపరీక్షలో సి.ఆర్.పి. 140 ఉంది. ఇంజక్షన్లు మొదలుపెట్టిన మర్నాడు 190 అయింది. డాక్టరుగారు కంగారుపడవద్దంటున్నారు. జబ్బు ముదిరినట్టు కాదా?

— ఒక పాఠకురాలు

జవాబు: మీ కంగారు సహజమే. కాని ఆ ఒక్క అంకె చూసి జబ్బు ముదిరిందని చెప్పలేం.

సి.ఆర్.పి. కాలేయంలో తయారయ్యే ఒక మాంసకృత్తు. ఒంట్లో ఎక్కడ సూక్ష్మజీవులు చేరినా, దెబ్బ తగిలినా ఇది రక్తంలో పెరుగుతుంది. 1930లో అమెరికాలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని మొదట గుర్తించినది న్యుమోనియా రోగుల రక్తంలోనే. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది.

జబ్బు మొదలయిన ఆరు, ఎనిమిది గంటలకు ఇది పెరగనారంభించి, సుమారు రెండు రోజులకు పై హద్దు చేరుతుంది. అందుచేత మందు పనిచేస్తున్నా మర్నాడు అంకె పెరగవచ్చు. అసలు చూడవలసింది ఆ తరువాత. నాలుగో రోజుకు కనీసం సగానికి తగ్గకపోతే డాక్టరు మళ్ళీ ఆలోచిస్తారు. ఇస్తున్న మందు ఆ క్రిమి మీద పనిచేస్తున్నదా? ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందా? ఇవి వెతుకుతారు.

2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చినప్పుడు సి.ఆర్.పి., ఫెరిటిన్, డి-డైమర్ ఇంటింటా వినిపించిన మాటలు. ఆసుపత్రిలో చేరినవారిలో ఇవి బాగా హెచ్చితే జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని తేలింది. అవకాశం ఎక్కువంటే తప్పదని కాదు. అలాగే అంకె తక్కువగా ఉందని ధీమాగా ఉండనూ కూడదు. కాలేయం బాగా చెడినవారిలో, స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో జబ్బు తీవ్రంగా ఉన్నా ఇది అంతగా పెరగకపోవచ్చు.

న్యుమోనియా తీవ్రతను అంచనా వేయటానికి డాక్టర్లు వాడే ఒక లెక్కలో సి.ఆర్.పి. లేనే లేదు. అందులో ఉన్నవి ఐదు: మతి తడబడటం, రక్తంలో యూరియా హెచ్చటం, నిమిషానికి 30 లేక అంతకు మించి ఊపిరి తీయటం, రక్తపోటు పడిపోవటం, వయసు 65 లేక ఆపైన ఉండటం. మీ మామగారికి వయసు ఒకటి ఇప్పటికే ఉంది. కనుక మిగతావి కనిపెట్టి ఉండాలి.

మరొక జాగ్రత్త. కొన్ని లాబొరేటరీలు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు లెక్కవేస్తాయి. ఒకచోట 140 అన్నదే మరొకచోట 14 అవుతుంది. రెండుచోట్ల కాగితాలు పోల్చేముందు అంకె పక్కనున్న కొలత చదవండి.

పక్కన కూర్చున్నవారు చేయగల పని ఇది: గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి. మనిషిని పేరు, ఊరు అడగండి. మూత్రం తగ్గిందేమో చూడండి. ఆయాసం పెరిగినా, మాట తడబడినా, పెదవులు నీలమయినా రేపటి రిపోర్టు కోసం ఆగవద్దు. అర్ధరాత్రయినా సరే, డ్యూటీ డాక్టరును పిలవండి.