నివురు గప్పిన నిప్పు

కాకసస్ పర్వతసీమలో అజర్‌బైజాన్ నుండి విడివడి 1991లో స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న నగోర్నో-కరబాఖ్‌ను ఏ దేశమూ, తుదకు అండగా నిలిచిన ఆర్మీనియా సైతం, గుర్తించలేదు. 1994లో కాల్పుల విరమణ జరిగేనాటికే లక్షలాది జనం, ముఖ్యంగా అజర్‌బైజానీలు, నిర్వాసితులయ్యారు.

రష్యా, అమెరికా, ఫ్రాన్సుల మధ్యవర్తిత్వంలో చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. నిర్వాసితులు తిరిగివచ్చేదెప్పుడు, ఆ నేల ఎవరి ఏలుబడిలో ఉండాలి అన్న ప్రశ్నలు వాయిదా పడుతూ వచ్చాయి. నివురును చూచి నిప్పు ఆరిందనుకొన్నారు.

2016లో నాలుగు రోజులు, 2020లో 44 రోజులు అది మళ్లీ భగ్గుమన్నది. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సేనలు విరుచుకుపడగా, లక్షమందికి పైగా ఆర్మీనియన్లు కొద్ది రోజులలోనే తరలిపోయారు. 2024 జనవరి 1తో ఆ గణతంత్రం ముగిసింది.

ముందు ఒక జాతి, తరువాత మరొక జాతి ఇల్లూ వాకిలీ విడిచి వెళ్లాయి. నడుమ సంధికి చిక్కిన 26 ఏళ్ల గడువు వృథా అయింది.