మూడు చక్రాల మీద ముప్పు

మిరప కోతలు, పత్తి తీతలు మొదలయితే చాలు, తెల్లవారకముందే ఊరి సెంటర్లలో కూలీల ఆటోలు బారులు తీరడం పరిపాటి అయింది. ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో పదిమంది, పన్నెండుమంది ఎక్కుతున్నారు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనుక డాలా మీద కాళ్ళు వేలాడేసుకుని మరో ఇద్దరు. అన్నం క్యారేజీలు, గోతాలు టాపు మీద. ఏదో ఒక మలుపులో ఆటో బోల్తా కొట్టిందన్న వార్త సీజను సీజనుకూ చదువుతూనే ఉన్నాము. రెండు రోజులు అయ్యో అనుకుంటాము. మూడోనాడు అదే దారిలో అంతమందితోనే మరో ఆటో బయలుదేరుతుంది. పడినవారిలో ఎక్కువమంది రోజుకూలీకి పోయే ఆడవారే కావడం మరింత శోచనీయం.

ఆటో ఎందుకంత తేలికగా పడిపోతుంది? ముక్కాలిపీటను చూస్తే తెలుస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళ పీట కుదురుగానే నిలుస్తుంది. కాలు లేని వైపు అంచున కూర్చుంటే మాత్రం తటాలున తిరగబడుతుంది. ఆటోకు వెనుక రెండు చక్రాలు, ముందు ఒకటి. ఈ మూడింటినీ గీతలతో కలిపితే ముక్కోణం అవుతుంది. మనుషులు, సామానుతో సహా మొత్తం బరువు ఆ ముక్కోణం మీద నిలిచినంతసేపే బండి నిలుస్తుంది. ఆ ముక్కోణం వెనుక వెడల్పు, ముందుకు పోనుపోను సన్నం. డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్న మనిషి బరువు సరిగ్గా ఆ సన్నని చోటనే, చక్రం లేని వైపునే పడుతుంది. ఇక వెనుక వేలాడేవారి బరువుకు ముందు చక్రం తేలిక పడి, హ్యాండిలు తిప్పినా బండి మాట వినదు.

ఎత్తుగా గడ్డి వేసిన ఎడ్లబండి గట్టు దిగేటప్పుడు పక్కన నడుస్తూ మోకు పట్టుకోవడం మన రైతులకు తెలియనిది కాదు. బరువు ఎంత ఎత్తుకు పోతే బండి అంత సులువుగా ఒరుగుతుంది. ఆటో టాపు మీది గోతం చేసే పని అదే. దీనికి వేగం తోడయితే చెప్పనక్కరలేదు. మలుపులో వేగం రెండింతలయితే బండిని పక్కకు తోసే బలం నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో క్షేమంగా తిరిగిన మలుపే 40 కిలోమీటర్ల వేగంలో ప్రాణం తీయవచ్చు. మనిషికి 50 కిలోల చొప్పున లెక్కవేసినా పదిమంది బరువు 500 కిలోలు. చిన్న ఆటో ఖాళీ బరువు 400 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. బండికన్నా బండి మీది బరువే ఎక్కువైనప్పుడు బ్రేకులను, టైర్లను తప్పు పట్టి లాభమేమి?

కడ్డీ వేస్తే సరిపోతుందా?

స్ప్రింగులు గట్టివి వేయిస్తే, ఒరగకుండా వెనుక ఒక కడ్డీ బిగిస్తే ఎంతమంది ఎక్కినా ఫరవాలేదనే నమ్మకం కొందరు యజమానులకు ఉన్నది. ఇది ఎంతవరకు నిజమో చూడవలసి ఉన్నది. స్వే బార్ అనే ఈ ఉక్కు కడ్డీ ఎడమ, కుడి చక్రాల బిగింపులను అడ్డంగా కలుపుతుంది. బండి ఒక పక్కకు ఒరగబోతే కడ్డీ మెలితిరిగి ఆ ఒరుగుడును అడ్డుకుంటుంది. కెనడాలో తయారై 2007లో మార్కెట్టుకు వచ్చిన కాన్-యామ్ స్పైడర్ అనే మూడు చక్రాల మోటారు సైకిలుకు ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. దాని యజమానులలో కొందరు కంపెనీ వేసిన కడ్డీ తీసి మరింత లావుపాటిది వేయించుకుంటారు. కడ్డీ మందం పదోవంతు పెంచితే దాని బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మలుపులలో బండి ఊగడం తగ్గుతుంది. ఇంతవరకు నిజమే.

కాని ఆ బండి మీద ఎక్కేది ఒకరో ఇద్దరో. వారు కూర్చునేదీ నేలకు దగ్గరగానే. మన ఆటోకు ముందున్నది ఒంటి చక్రం కనుక కడ్డీ వేయాలన్నా వెనుక జతకే వేయాలి. ఎంత లావు కడ్డీ వేసినా చక్రాల మధ్య వెడల్పు అంగుళం పెరగదు. టాపు మీది బరువు అంగుళం దిగదు. పైగా ఒక చక్రం గుంటలో పడితే ఆ కుదుపును కడ్డీ రెండో చక్రానికి కూడా అందిస్తుంది. మన గుంటల రోడ్ల మీద ఇది మేలు కాదు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటున్నది. ఒరుగుడు అనేది బండి డ్రైవరుకు చేసే హెచ్చరిక. ఆ హెచ్చరిక తగ్గితే డ్రైవరు వేగం పెంచుతాడు, మరో ఇద్దరిని ఎక్కిస్తాడు. ఇనుము ఇచ్చిన ధైర్యం ఆ విధంగా అపాయమవుతుంది.

మూడు చక్రాల చిక్కు మనకొక్కరికే ఎదురయినది కాదు. అమెరికాలో పొలాలలో, ఇసుక నేలలలో తిరిగే మూడు చక్రాల మోటారు బళ్ళు తరచు తిరగబడి పిల్లలు సహా ఎందరో చనిపోగా, 1988లో ప్రభుత్వానికి, కంపెనీలకు కుదిరిన ఒప్పందంతో అక్కడ కొత్తవాటి అమ్మకం నిలిచిపోయింది. మనం ఆటోను మానుకోలేము, మానుకోనవసరమూ లేదు. పేదవాడి బండి అది, వేలాది కుటుంబాలకు జీవనాధారం. దాని శక్తి ఎంతో తెలిసి నడుపుకోవడమే కావలసింది.

చట్టం ఉన్నది, బస్సు లేదు

కంపెనీ తయారుచేసిన తీరును, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలను కాదని బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. షెడ్డులో సొంతంగా సీట్లు, పలకలు, క్యారియర్లు బిగించిన ఆటోకు ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ వచ్చే అవకాశమున్నది. ఇక అదనంగా ఎక్కించిన ప్రతి మనిషికి 200 రూపాయల జరిమానాను 2019 సవరణ చట్టంలో చేర్చారు. అదే సెక్షనులో మరొక మాట ఉన్నది. అదనపు ప్రయాణికులను దించి, వారికి వేరే వాహనం ఏర్పాటు చేసేవరకు ఆ బండిని కదలనీయరాదు. జరిమానా రాసి అదే ఆటోను అదే జనంతో పంపివేస్తే చట్టంలో సగమే అమలు జరిగినట్లు.

కూలీలు కోరి ఈ అపాయాన్ని నెత్తికెత్తుకోవడం లేదు. 2025 ఆగస్టు 15న మొదలయిన స్త్రీశక్తి పథకంతో ఆడవారికి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. అయితే తెల్లవారుజామున పొలం దారికి ఆ బస్సు రావాలి గదా! కోతల కాలం మూడు, నాలుగు నెలలయినా కూలీలు ఎక్కువగా పోయే దారులలో ఉదయం ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నడపడం ఆర్టీసీకి అసాధ్యం కాదు. ఏ ఊరినుంచి ఎందరు, ఏ వేళకు పోతున్నారో పంచాయతీలు లెక్కవేసి, తీర్మానం చేసి డిపో మేనేజరుకు అందజేయాలి. బస్సు పోలేని చోట ఒక ఆటోకు బదులు రెండు ఆటోలు, లేదా రెండు ట్రిప్పులు పెట్టే ఖర్చు పనికి పిలిచిన రైతులు, ముఠా మేస్త్రీలు భరించవలసి ఉంటుంది. ఆ ఖర్చుకు జడిసి కూలీల ప్రాణాలతో పొదుపు చేయడం న్యాయం కాదు. అంచులు కోసుకుపోయిన రోడ్లకు మట్టి, కంకర పోయించడం అధికారుల పని. తారు అంచు దిగిన చక్రం మళ్ళీ పైకి ఎక్కించబోయే క్షణంలో ఆటో తిరగబడే ప్రమాదం ఎక్కువ.

డ్రైవరు సోదరులు చేయగలిగినవీ ఉన్నాయి. మలుపులో కాక మలుపుకు ముందే బ్రేకు వేయాలి. వెనుక రెండు టైర్లలో గాలి సమానంగా ఉంచాలి. సామాను టాపు మీద కాక నేల మీద పెట్టాలి. తన పక్క సీటు ఎవరికీ ఇవ్వరాదు. ఎక్కేవారు కూడా, ముఖ్యంగా తల్లులు, ఆ పక్క సీటులో కూర్చోము, వెనుక వేలాడము అని కలిసికట్టుగా అనాలి. ఒక్కరంటే ఆటో వెళ్ళిపోతుంది. పదిమందీ అంటే రెండో ట్రిప్పు వేయక తప్పదు.

ఈ సీజను కోతలు జోరందుకోకముందే రవాణా శాఖ, ఆర్టీసీ, పంచాయతీలు, రైతులు ఒకచోట కూర్చుని దారి దారికీ ఏర్పాటు చేసుకోవడం అవసరం. పొద్దున్నే కూలికి పోయిన మనిషి పొద్దుగూకి ఇల్లు చేరాలన్నది పెద్ద కోరికేమీ కాదు.