తెల్లన్నం నేర్పిన పాఠం

అన్నం మల్లెపువ్వులా ఉండాలని ఎవరికైనా కోరికే. ఒకప్పుడు పెళ్ళి విందుకే పరిమితమైన తెల్లన్నం నేడు పల్లెల్లో రోజువారీ తిండి అయింది. ముతక బియ్యం తినడం నామోషీగా మారింది. మిల్లుకు వడ్లు తోలిన రైతు సైతం ఇంకొకసారి పాలిష్ వేయమని అడిగి మరీ వేయించుకుంటున్నాడు. తవుడు పశువుల పాలు, తెలుపు మనుషుల పాలు అవుతోంది. ఈ మోజు ఎంతవరకు క్షేమమో తెలియాలంటే వెనుకటి జపాన్ నావికుల కథ వినాలి.

1878 నుంచి 1882 వరకు జపాన్ నౌకాదళంలో ఏటా దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు బెరిబెరి వ్యాధి పాలయ్యారు. కాళ్ళు తిమ్మిరెక్కి, వాపు వచ్చి, ఆయాసంతో గుండె ఆగి చనిపోయేవారు. 1882 చివర బయలుదేరిన ‘ర్యూజో’ అనే ఓడలో 376 మంది ఉంటే 169 మంది జబ్బు పడ్డారు, 25 మంది మరణించారు. గాలి దోషమని కొందరు, అంటురోగమని కొందరు అన్నారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో మాత్రం నావికుల కంచం వైపు చూశాడు. తెల్లన్నం ఎక్కువ, కూర తక్కువ తినేవారికే జబ్బు వస్తోందని గ్రహించాడు.

1884లో ‘త్సుకుబా’ అనే మరో ఓడను అదే దారిన పంపారు. ఈసారి అన్నం తగ్గించి మాంసం, పాలు, రొట్టె పెట్టారు. ఒక్కరూ చనిపోలేదు. జబ్బు పడిన కొద్దిమందిలోనూ ఎక్కువమంది కొత్త భోజనం సరిగా ముట్టనివారే. తర్వాత బియ్యంలో బార్లీ కలిపి వండసాగారు. కొద్ది ఏళ్ళలోనే నౌకాదళంలో ఈ వ్యాధి దాదాపు కనుమరుగయింది. మాంసకృత్తుల లోపమే కారణమని తకాకి అనుకున్నాడు. అది పొరపాటే అయినా ఆయన మందు మాత్రం గురి తప్పలేదు. ఆ మాట చెవికెక్కించుకోని సైన్యం 1904-05 రష్యా యుద్ధంలో ఈ జబ్బుకే దాదాపు 27 వేల మందిని పోగొట్టుకుంది.

అసలు కారణం తవుడులో ఉంది. పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోవడం, తవుడుతో కోలుకోవడం జావాలో వైద్యుడు ఐక్‌మన్ గమనించాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. తవుడులోని ఆ పదార్థమే బి1 విటమిన్. దానిని 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులో పుట్టినవాడు కావడం గమనార్హం.

ఇది పరాయి దేశపు కథ అని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా ప్రాంతం బెరిబెరికి పేరుపడింది. ఆ జబ్బు మీద మద్రాసులో 1835లోనే పుస్తకం వెలువడింది. ఉప్పుడు బియ్యం తినే తమిళులకు ఆ పీడ తక్కువ. వడ్లను ఉడికించినప్పుడు విటమిన్ గింజలోకి దిగడమే అందుకు కారణం.

ఇప్పుడు పప్పు, పాలు, కూరలు తినేవారికి పెద్ద భయం లేదు. పచ్చడి మెతుకులతో పూట గడిపేవారికి, నిత్యం మద్యం తాగేవారికి, కారం నీళ్ళ పథ్యం పెట్టే బాలింతలకు ముప్పు ఉంది. తల్లిలో బి1 లోపిస్తే పాలు తాగే పసికందుకు ప్రాణాపాయం. తెలియక పెట్టే పథ్యం బిడ్డ ఉసురు తీయడం ఎంతైనా శోచనీయం.

2021 తర్వాత దశలవారీగా పంపిణీకి వచ్చిన పోషక బియ్యంలో తప్పనిసరి చేసినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 మాత్రమే. బి1 కలపడం ఐచ్ఛికంగా ఉంచారు. దీనినీ తప్పనిసరి చేయడం, రేషను బియ్యానికి పాలిష్ తగ్గించడం గురించి ప్రభుత్వం ఆలోచించాలి. అంగన్‌వాడీల్లో బాలింత పథ్యంపై తల్లులకు, అత్తలకు కూడా నచ్చజెప్పాలి.

ప్రభుత్వం కదిలే దాకా ఆగనక్కరలేదు. బియ్యం ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోవచ్చు. వారిస్తే ఆ గంజి పారబోయక తాగాలి. వారంలో రెండు పూటలైనా రాగి సంకటి, రోజూ ఏదో ఒక పప్పు, గుప్పెడు వేరుశనగలు ఉండాలి. మిల్లులో ఒక్క పాలిష్ తగ్గించమంటే ఖర్చేమీ కాదు. నావికులు ప్రాణాలిచ్చి నేర్పిన పాఠాన్ని మనం తవుడుతో పాటు పశువుల కుడితిలో కలపరాదు.